లైనక్స్ మినీ పీసీ, 4కే టీవీ, ముంచుకొస్తున్న బ్రహ్మోత్సవాలు: హార్డ్‌వేర్ డీకోడింగ్ కుదిరేదాకా నా అనుభవం

ముందే చెప్పేస్తా, ఇప్పుడు బాగా ఆడుతోంది. 4కే, 10 బిట్ రంగుల, సెకనుకు 50 ఫ్రేముల పెళ్లి వీడియో నడుస్తున్నా ప్రాసెసర్ వాడకం పది శాతం దగ్గరే ఉంటోంది, ఫ్యాన్ తిరుగుతోందో లేదో కూడా తెలియడం లేదు. అయితే 2025 ఆగస్టు ఆఖర్లో మొదలుపెట్టిన పని సెప్టెంబర్ చివరి వారానికి గానీ కొలిక్కి రాలేదు. ఇంత ఆలస్యం ఎందుకైందంటే, ఈ హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌కి, అంటే కుదించిన వీడియోని విప్పి బొమ్మగా మార్చే పనిని (డీకోడింగ్) ప్రాసెసర్ బదులు గ్రాఫిక్స్ చిప్ చేసే పద్ధతికి, ఒక గుణం ఉంది: పనిచేయకపోతే చెప్పదు. చిప్ దగ్గర ఆగినా, డ్రైవర్ దగ్గర ఆగినా, పర్మిషన్ దగ్గర ఆగినా, ప్లేయర్ సెట్టింగ్ దగ్గర ఆగినా వీడియో మాత్రం మొదలైపోతుంది, భారమంతా ప్రాసెసర్ నెత్తిన వేసి సాఫ్ట్‌వేర్‌తో లాగించేస్తుంది. మనకి కనిపించేది తడబాటు ఒక్కటే. అది ఎక్కడినుంచి వస్తోందో మనమే వెతుక్కోవాలి.

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. ఇంట్లో 43 అంగుళాల 4కే టీవీ ఉంది, బొమ్మ బాగుంటుంది గానీ లోపలి సాఫ్ట్‌వేర్ ముసలిదైపోయింది. ఏది నొక్కినా ఆలోచించుకుని గానీ కదలదు, యూట్యూబ్ తెరవడానికే నిమిషం. కేబుల్ కనెక్షన్ పోయినేడాదే తీయించేశాం కాబట్టి నాన్నకు న్యూస్ కావాలన్నా, అవ్వకు ఎస్వీబీసీ కావాలన్నా ఆ టీవీ యాప్‌లే దిక్కు. దానికి తోడు మేలో మా చెల్లెలి పెళ్లయింది, వీడియోగ్రాఫర్ హార్డ్ డిస్క్‌లో 4కే ఫైళ్లు ఇచ్చాడు, టీవీకి పెడితే సన్నాయి వినిపిస్తుంది, బొమ్మ నిలబడిపోతుంది. బెంగళూరులో ఉండే మా బామ్మర్ది "బావా, టీవీని ఉత్త తెరగా వాడుకో, వెనక ఒక మినీ పీసీ పెట్టి లైనక్స్ వేసేయ్, నేను ఫోన్లో చెప్తా" అన్నాడు. సరే అన్నాను. సెప్టెంబర్ 24న బ్రహ్మోత్సవాలకు ధ్వజారోహణం, 28న గరుడ సేవ. అవ్వ ఇప్పుడు ఆ జనంలో కొండెక్కలేదు, ఆలోగా టీవీ సిద్ధం చేస్తానని మాటిచ్చేశాను. టెన్షన్ అంతా అక్కడ మొదలైంది.

వినాయక చవితి అయిన ఆ శనివారం, ఆగస్టు 30న, పొద్దున్నే గరుడాద్రి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లాను. రిచ్చీ స్ట్రీట్‌లో ఆఫీసులు వాడి తీసేసిన చిన్న పీసీలు కుప్పలుగా దొరుకుతాయి. అక్కడ ఒక సంగతి తెలిసుండాలి. ఒకే ధరకి ఆరో తరం ఇంటెల్ ఐ7 ప్రాసెసర్ ఉన్న పెట్టె, ఏడో తరం ఐ5 ఉన్నది రెండూ పక్కపక్కనే పెట్టారు, షాపతను ఐ7 వైపే తోస్తాడు, "ఐ7 సార్, స్పీడు" అని. వీడియోకి ఆ స్పీడుతో పనిలేదు. డీకోడ్ చేసేది చిప్ లోపల గ్రాఫిక్స్ పక్కనుండే ప్రత్యేక భాగం, దానికి ఏ కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి) వచ్చు, ఏది రాదు అన్నదే లెక్క. మా పెళ్లి వీడియో కోడెక్ హెచ్ఈవీసీ, అందులో 10 బిట్ రకం. ఇంటెల్ ఆరో తరంలో హెచ్ఈవీసీ 8 బిట్ వరకే పూర్తిగా హార్డ్‌వేర్‌లో ఉంది. హెచ్ఈవీసీ 10 బిట్, యూట్యూబ్ వాడే వీపీ9 రెండూ పూర్తిగా హార్డ్‌వేర్‌లోకి వచ్చింది ఏడో తరం, అంటే కేబీ లేక్‌తో. ఇంకా కొత్త కోడెక్ ఏవీ1 కావాలంటే 11వ తరం దాకా పోవాలి, లేదా 2023లో వచ్చిన ఎన్100 చిప్ ఉన్న కొత్త మినీ పీసీ కొనాలి. ఎన్100 పెట్టె 15, 16 వేలు చెప్పారు. ఏడో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీతో 9,500కి బేరం కుదిరింది. అది తీసుకుని సాయంత్రం అదే గరుడాద్రికి వెనక్కొచ్చేశాను.

మర్నాడు ఆదివారం డెబియన్ 13 అనే లైనక్స్ రకం వేశాను. ఆగస్టు 9నే విడుదలైంది, కెర్నెల్ (లైనక్స్ మూలభాగం) 6.12, సినిమాలు, వీడియోలు ఆడించే కోడి 21 అందులోనే ఉన్నాయి. డెస్క్‌టాప్‌గా ఎక్స్‌ఎఫ్‌సీఈ. అనవసరమైనవి లేకుండా తక్కువ ప్యాకేజీలతో వేయమని బామ్మర్ది సలహా. గంటలోపే అయిపోయింది, ఇంత సులువా అనుకున్నాను. ఎమ్‌పీవీ ప్లేయర్‌లో పెళ్లి వీడియో పెట్టాను. నాలుగు కోర్లూ నూరు శాతానికి ఎక్కాయి, మంత్రాలు ముందెళ్లిపోతున్నాయి, పంతులుగారి పెదవులు వెనకబడ్డాయి, తలంబ్రాలు గాల్లో ఆగి ఆగి పడుతున్నాయి. పక్కగదిలోంచి నాన్న "రేయ్, ఏందిరా ఆ శబ్దం, మిక్సీ ఏమన్నా ఏసినారా?" అన్నాడు. అది ఆ పెట్టె ఫ్యాన్. ఆగస్టు ఉక్క వేరే.

లైనక్స్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌కి వీడియో పని అప్పగించే దారి పేరు వీఏఏపీఐ. అది నడుస్తోందో లేదో చూడ్డానికి వీఏఇన్ఫో అని చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది, దాన్ని విడిగా వేసుకోవాలి. నడిపితే డ్రైవర్ దొరకలేదంది. తక్కువ ప్యాకేజీల ఇన్‌స్టాల్ కదా, మామూలుగా తోడుగా వచ్చే డ్రైవర్ ప్యాకేజీ రాలేదు. ఇక్కడ కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే నాకు ఎక్కువ గందరగోళం ఇక్కడే. ఇంటెల్‌కి రెండు డ్రైవర్లున్నాయి. పాతదాని పేరు ఐ965, కొత్తదాని పేరు ఐహెచ్‌డీ. ఐహెచ్‌డీ ఐదో తరం బ్రాడ్‌వెల్ నుంచి పైకి పనిచేస్తుంది, ఏడో తరానికి రెండూ పనిచేస్తాయి. డెబియన్‌లో ఐహెచ్‌డీ మళ్లీ రెండు రకాలు: ఇంటెల్ మీడియా డ్రైవర్ అని మామూలుది ఒకటి, చివర నాన్-ఫ్రీ అని ఉండేది ఇంకొకటి. చూడటానికి మాత్రమే అయితే మొదటిది చాలు. వీడియోని తిరిగి ఎన్‌కోడ్ చేయాలంటే, అంటే వేరే రకంలోకి మార్చాలంటే, నాన్-ఫ్రీ కావాలి. నేను నాన్-ఫ్రీ వేసుకున్నాను, అది మంచిదైంది, ఎందుకో కింద చెప్తాను. దానికి ముందు ప్యాకేజీ మూలాల జాబితాలో నాన్-ఫ్రీ అనే విభాగం చేర్చుకోవాలి. ఇన్‌స్టాలర్ దానంతటదే చేర్చేది నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ విభాగాన్ని. అది ఉంది కదా అని ఊరుకుంటే ప్యాకేజీ దొరకదు. రెండూ వేరు.

డ్రైవర్ పడింది కదా అని సంబరపడితే తరవాతి చిక్కు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి టీవీ నాన్న చేతిలో ఉంటుంది, ఆ పాత యాప్‌లోనే న్యూస్ పెట్టుకుని కూర్చుంటాడు. అందుకని నేను పడగ్గదిలో ల్యాప్‌టాప్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో ఆ పెట్టెలోకి వెళ్లి పనిచేసేవాణ్ణి. అక్కడినుంచి వీఏఇన్ఫో నడిపితే మళ్లీ ఎర్రర్. రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా, నడిపితే చిప్‌కి వచ్చిన కోడెక్‌ల జాబితా మొత్తం చక్కగా వస్తోంది. తీరా టీవీ ముందు కూర్చుని అదే కమాండ్ కొడితే రూట్ లేకుండానే వస్తోంది! సెప్టెంబర్ మొదటి వారంలో చాలా భాగం ఇక్కడే పోయింది. డ్రైవర్ తీసి వేయడం, పాత ఐ965 వేసి చూడటం, మళ్లీ కొత్తది... మా ఆవిడ "కరెంటు బిల్లు ఆ పెట్టెకి విడిగా కట్టుకోండి" అనేదాకా వచ్చింది.

అసలు సంగతేంటంటే, గ్రాఫిక్స్ చిప్‌తో మాట్లాడటానికి డీఆర్ఐ అనే ఫోల్డర్‌లో రెండర్‌డీ128 అని ఒక ఫైల్ ఉంటుంది. తెర ముందు లాగిన్ అయి కూర్చున్న మనిషికి సిస్టమ్ తనంతట తానే దాన్ని వాడుకునే అనుమతి ఇస్తుంది. ఎస్ఎస్‌హెచ్‌లో దూరం నుంచి వచ్చినవాడికి ఇవ్వదు. కోడిని బూట్ కాగానే వెనకాల సర్వీస్‌గా లేపినా అంతే, దానికీ అనుమతి ఉండదు. మన యూజర్‌ని రెండర్, వీడియో అనే రెండు గ్రూపుల్లోనూ చేరిస్తే సరిపోతుంది. చేర్చాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితేనే అమల్లోకి వస్తుంది, ఇంట్లో పెట్టె కాబట్టి ఒకసారి రీస్టార్ట్ చేసేయడమే తేలిక.

ఆ జాబితా చదవడం కూడా చెప్తాను. ప్రతి వరసలో ఒక కోడెక్ పేరు, దాని పక్కన ఒక మాట ఉంటాయి. పక్కన వీఎల్‌డీ అని ఉంటే ఆ చిప్ ఆ కోడెక్‌ని డీకోడ్ చేయగలదని, ఎన్‌క్‌స్లైస్ అని ఉంటే ఎన్‌కోడ్ చేయగలదని అర్థం. నాకు కావలసింది హెచ్ఈవీసీ మెయిన్10 పక్కన వీఎల్‌డీ. ఉంది. వీపీ9 ప్రొఫైల్ 0, ప్రొఫైల్ 2 రెండూ ఉన్నాయి. ఏవీ1 వరస లేదు, కొన్నప్పుడే తెలుసు.

ఇంత చేసి ఎమ్‌పీవీలో వీడియో పెడితే మళ్లీ నాలుగు కోర్లూ నూరే! ఎమ్‌పీవీ మామూలుగా హార్డ్‌వేర్ డీకోడింగ్ వాడదు, మనం చెప్తేనే వాడుతుంది. దాని కాన్ఫిగ్ ఫైల్లో హెచ్‌డబ్ల్యూడెక్ అనే వరస రాసి ఆటో-సేఫ్ అనో వీఏఏపీఐ అనో పెట్టుకోవాలి. వీడియో నడుస్తుండగా కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే అప్పటికప్పుడు వేసి తీసి పోల్చుకోవచ్చు, 'ఐ' నొక్కితే ఏ డీకోడర్ వాడుతోందో తెరమీద చూపిస్తుంది. ఆ రాత్రి పదకొండున్నరకి, అందరూ పడుకున్నాక, సౌండ్ తీసేసి పెట్టాను. తెరమీద వీఏఏపీఐ అని వచ్చింది. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ గ్రాఫ్ జారిపోయింది, ఫ్యాన్ నెమ్మదించింది, తలంబ్రాలు ఆగకుండా పడ్డాయి. ఒక్కడినే కూర్చుని నవ్వుకున్నాను. నీళ్లకని లేచొచ్చిన మా ఆవిడ "పెళ్లి చూస్తున్నారా, అంకెలు చూస్తున్నారా?" అంది. అంకెలే చూస్తున్నా మరి.

అంకెలంటే గుర్తొచ్చింది, ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా పనికొచ్చింది ఇంటెల్-జీపీయూ-టాప్ అనే ప్రోగ్రామ్. రూట్‌గా నడపాలి. అందులో వీడియో అని ఒక వరస ఉంటుంది, హార్డ్‌వేర్ డీకోడింగ్ నిజంగా జరుగుతుంటే ఆ వరస కదులుతుంది, లేకపోతే సున్నా దగ్గరే కూర్చుంటుంది. ప్లేయర్ సెట్టింగ్‌లో టిక్ ఉందా లేదా అన్నది నేను చూడటం మానేశాను, ఈ వరస ఒక్కటే నమ్మాను.

కోడి పెద్దగా ఏడిపించలేదు. సెట్టింగ్స్‌లో ప్లేయర్, దాంట్లో వీడియోలు, అక్కడ వీఏఏపీఐ వరస ముందే ఆన్‌లో ఉంది. కనబడకపోతే కింద మూలనున్న గేర్ బొమ్మ నొక్కి ఎక్స్‌పర్ట్ స్థాయికి మార్చుకోవాలి. వీడియో ఆడుతుండగా కీబోర్డ్‌లో 'ఓ' నొక్కితే డీకోడర్ పేరు, పక్కన బ్రాకెట్లో హెచ్‌డబ్ల్యూ (హార్డ్‌వేర్) అనో ఎస్‌డబ్ల్యూ (సాఫ్ట్‌వేర్) అనో వస్తుంది. నాకు హెచ్‌డబ్ల్యూ వచ్చింది.

వచ్చింది గానీ బొమ్మ ఇంకా సాఫీగా లేదు. ఇదింకా పెద్ద తలనొప్పి. ప్రాసెసర్ ఖాళీగా ఉంది, ఫ్రేములు వదిలేయడం లేదు, అయినా కెమెరా మండపం ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగినప్పుడు బొమ్మ గెంతుతోంది. బామ్మర్దికి వీడియో తీసి పంపితే "బావా, టీవీకి ఎన్ని హెర్ట్జ్‌లో పోతోందో చూడు" అన్నాడు. చూస్తే 4కే దగ్గర 30, అంటే తెర సెకనుకు 30 సార్లే మారుతోంది. ఈ తరం ఇంటెల్ చిప్‌లు నేరుగా ఇచ్చే హెచ్‌డీఎంఐ 1.4 వెర్షన్, 4కేలో దాని గరిష్ఠం 30 హెర్ట్జ్. సెకనుకు 50 ఫ్రేముల వీడియోని 30 సార్లు మారే తెరమీద చూపిస్తే గెంతక ఏం చేస్తుంది. డీకోడింగ్‌కీ దీనికీ సంబంధమే లేదు, కానీ చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

పెట్టె వెనక డిస్‌ప్లే పోర్ట్ ఉంది, దానినుంచి 4కే 60 హెర్ట్జ్ వస్తుంది. టీవీకి డిస్‌ప్లే పోర్ట్ ఉండదు కాబట్టి మధ్యలో అడాప్టర్ కావాలి. గాంధీరోడ్డు వైపు ఒక షాపులో అడిగితే 350 రూపాయలది ఇచ్చి "4కే రాసుంది చూడండి సార్, అన్నీ ఒకటే" అన్నాడు. తగిలిస్తే అదే 30. ఇలాంటి చవక అడాప్టర్లు పాసివ్, లోపల మార్పిడి ఏమీ జరగదు, పీసీ ఆ పోర్టులోంచి కూడా పాత హెచ్‌డీఎంఐ సంకేతమే పంపుతుంది. తిరిగిస్తే, కవర్ చించాక వెనక్కి తీసుకోం అన్నాడు. కావలసింది యాక్టివ్ అడాప్టర్, హెచ్‌డీఎంఐ 2.0 అని రాసి ఉండాలి. తిరుపతిలో నేను తిరిగిన చోట్ల దొరకలేదు, సెప్టెంబర్ 10న ఆన్‌లైన్లో 1,450 పెట్టి ఆర్డర్ చేశాను. 13న వస్తుందని చూపించింది. 13న రాలేదు. 14న "డెలివరీకి ప్రయత్నించాం, ఇంట్లో ఎవరూ లేరు" అని మెసేజ్, రోజంతా అవ్వ వాకిట్లోనే కూర్చునుంది. ఆ తరవాత రోజుకో కారణం. 18న చేతికొచ్చింది.

ఆ మధ్యలో ఊరికే ఉండకుండా టీవీని 1080, 60 హెర్ట్జ్‌కి దింపి వాడుకున్నాం. 4కే ఫైల్‌ని చిప్ డీకోడ్ చేసి చిన్నది చేసి పంపుతుంది, గెంతడం చాలావరకు తగ్గింది. నిజం చెప్పాలంటే 43 అంగుళాల తెరని తొమ్మిది అడుగుల దూరం నుంచి చూస్తే 4కేకీ 1080కీ తేడా ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు. అడాప్టర్ వచ్చాక ఎంతో గొప్పగా పిలిచి చూపిస్తే నాన్న "నిన్న ఉన్నిందీ ఇదే కదరా" అన్నాడు. డబ్బులు మిగుల్చుకోవాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

అడాప్టర్ పెట్టాక కూడా వెంటనే 60 రాలేదు, టీవీ సెట్టింగ్స్‌లో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకి మాత్రం పూర్తి 4కే సంకేతం తీసుకునే ఆప్షన్ ఆన్ చేయాలి, ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టింది. పాత కేబుల్ కూడా తెర మధ్యమధ్యలో నల్లబడేలా చేస్తుంటే 400 పెట్టి కొత్తది మార్చాను. ఇక కోడిలో వీడియోని బట్టి తెర రిఫ్రెష్ రేట్ మార్చే ఆప్షన్ ఉంది, వీడియో మొదలైనప్పుడు, ఆగినప్పుడు మార్చేలా పెట్టుకోండి. సినిమాలు 24, మా వీడియోగ్రాఫర్‌వి 50, ఫోన్‌లో తీసినవి 30 లేదా 60. వీడియో మొదలయ్యేటప్పుడు రెండు సెకన్లు తెర నల్లగా అవుతుంది, అది చూసి పెట్టె పోయిందని కంగారుపడొద్దు. పెళ్లి వీడియో 50 హెర్ట్జ్‌లో ఆడిన రోజు గెంతడం పూర్తిగా పోయింది. అంచులు కోసుకుపోవడం, నలుపు బూడిదరంగులో కనిపించడం లాంటివి కూడా వచ్చాయి, అవి టీవీ బొమ్మ సైజు సెట్టింగ్‌తో, గ్రాఫిక్స్ రంగుల పరిధి మార్చడంతో పది నిమిషాల్లో సర్దుకున్నాయి.

తరవాత యూట్యూబ్. ఇది నాన్నకి, అవ్వకి ముఖ్యం. ఫైర్‌ఫాక్స్ 115వ వెర్షన్ నుంచి, అంటే 2023 నుంచి, లైనక్స్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌కి హార్డ్‌వేర్ డీకోడింగ్ దానంతటదే ఆన్‌లో ఉంటోంది, కాబట్టి సమస్య ఉండదనుకున్నాను. కొన్ని వీడియోలు హాయిగా ఆడుతున్నాయి, కొన్ని పెడితే ఫ్యాన్ మళ్లీ లేస్తోంది. వీడియో మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే గణాంకాల పెట్టె తెరిచి చూశాను. ఫ్యాన్ లేచినవన్నీ ఏవీ01 అని ఉన్నాయి, అంటే ఏవీ1. నా చిప్‌కి ఏవీ1 రాదు. ఫైర్‌ఫాక్స్‌కి ఏవీ1ని సాఫ్ట్‌వేర్‌తో ఆడించడం వచ్చు కాబట్టి నాకొచ్చు అని యూట్యూబ్‌కి చెప్తుంది, యూట్యూబ్ అదే పంపుతుంది. ఫైర్‌ఫాక్స్ లోపలి సెట్టింగులుండే అబౌట్ కాన్ఫిగ్ పేజీలో ఏవీ1కి సంబంధించిన వరసని ఫాల్స్ చేసేస్తే యూట్యూబ్ వీపీ9 పంపడం మొదలుపెట్టింది, ఫ్యాన్ ఊరుకుంది. లైవ్‌ల సంగతి వేరే, నేను చూసినంతవరకు ఎస్వీబీసీ లైవ్, న్యూస్ లైవ్‌లు ఏవీసీ1 అని వచ్చాయి, అంటే హెచ్264 అనే పాత కోడెక్, అది పదేళ్ల కిందటి చిప్‌కి కూడా వచ్చు.

ఓటీటీ గురించి ముందే తెలిసుంటే కాస్త ఆశ తగ్గించుకునేవాణ్ణి. లైనక్స్ బ్రౌజర్లలో, సినిమాలు కాపీ కాకుండా చూసే వైడ్‌వైన్ రక్షణ ఎల్3 అనే కింది స్థాయిలోనే పనిచేస్తుంది, అందువల్ల చాలా సర్వీసులు తక్కువ క్వాలిటీ బొమ్మే పంపుతాయి, మీ పెట్టె ఎంత గొప్పదైనా సరే. వాటికి మేము ఇప్పటికీ టీవీ లోపలి యాప్‌లే వాడుతున్నాం, అది నిద్రపోతూ నడిచినా.

ఇక నాన్-ఫ్రీ డ్రైవర్ కథ. వీడియోగ్రాఫర్ ఎడిట్ చేసిన పెళ్లి వీడియోతో పాటు కెమెరాలోంచి నేరుగా తీసిన క్లిప్పులూ ఇచ్చాడు. జీలకర్ర బెల్లం, అప్పగింతలు పూర్తి నిడివితో అందులోనే ఉన్నాయి, అమ్మకి కావలసినవి అవే. అవి పెడితే ఎమ్‌పీవీలో, కోడిలో రెండింట్లోనూ ఎస్‌డబ్ల్యూ, ఫ్యాన్ హోరు. అన్నీ కుదిరాక మళ్లీ ఇదేంటని నీరసం వచ్చింది. ఫైల్ వివరాలు తీసి చూస్తే హెచ్264, 10 బిట్, 4:2:2 (రంగుల వివరం ఎక్కువ నింపే రకం), సెకనుకు దాదాపు 200 మెగాబిట్లు. పెద్ద కెమెరాల్లో ఎడిటింగ్ కోసం ఇలా రికార్డ్ చేస్తారట. హెచ్264 అంటే ఏ చిప్‌కైనా వచ్చు అనుకుంటాం గానీ, వచ్చేది 8 బిట్, 4:2:0 రకం. ఈ రకం నా చిప్‌కే కాదు, ఇంట్లో సాధారణంగా ఉండే చాలా చిప్‌లకి హార్డ్‌వేర్‌లో రాదు, ఏ డ్రైవర్ మార్చినా లాభం లేదు. మిగిలిన దారి ఒకటే, వాటిని హెచ్ఈవీసీ 10 బిట్, 4:2:0కి మార్చుకోవడం. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియోలు మార్చే ప్రోగ్రామ్‌తో, చిప్‌లోని ఎన్‌కోడర్ వాడి చేశాను, దానికే నాన్-ఫ్రీ డ్రైవర్ కావాల్సి వచ్చింది. డీకోడ్ ప్రాసెసర్ మీదే జరగాలి కాబట్టి వేగంగా అవ్వదు, రాత్రి పడుకునేముందు మొదలుపెడితే తెల్లారేసరికి కొన్ని అయ్యేవి. ఒరిజినల్స్ డిస్క్‌లో అలాగే ఉంచాను. అమ్మ అప్పగింతలు చూసి మళ్లీ ఒకసారి ఏడ్చింది, అది వేరే సంగతి.

24న ధ్వజారోహణం నాటికి అంతా సిద్ధం. 28 ఆదివారం గరుడ సేవ. సాయంత్రం నుంచే అవ్వ స్నానం చేసి, దీపం పెట్టి టీవీ ముందు చేరింది. నేను పక్కన ల్యాప్‌టాప్‌లో ఇంటెల్-జీపీయూ-టాప్ తెరిచి పెట్టుకున్నాను, ఆ వీడియో వరస కదులుతూనే ఉంది. అయినా భయం. రాత్రి ఒకసారి బొమ్మ నిలిచిపోయి చక్రం తిరిగితే గుండె జారింది, తీరా చూస్తే ఇంటర్నెట్ మందగించింది, ఆ సమయంలో ఊరంతా అదే చూస్తుంటారు కదా. క్వాలిటీ ఒక మెట్టు దించితే కుదురుకుంది. మలయప్ప స్వామి మెడలో మకరకంఠి, లక్ష్మీహారం దగ్గరగా చూపించినప్పుడు అవ్వ "ఇంత దగ్గర్నించి కొండమీద కూడా సూడలేదు నాయనా, అప్పుడు జనం నెట్టేసినారు" అంది. నాన్న మాత్రం అయిదు నిమిషాలకోసారి "ఇది పోదు కదా?" అని అడుగుతూనే ఉన్నాడు.

ఖర్చు చెప్తా. పెట్టె 9,500, పనికిరాని అడాప్టర్ 350, పనికొచ్చిన అడాప్టర్ 1,450, కేబుల్ 400, వైర్‌లెస్ చిన్న కీబోర్డ్ 750. రైలు టికెట్, చెన్నైలో భోజనం కాక పన్నెండున్నర వేలకి కాస్త తక్కువ. ఎన్100 పెట్టె కొనుంటే మూడు నాలుగు వేలు ఎక్కువయ్యేది గానీ ఏవీ1 వచ్చేది, హెచ్‌డీఎంఐ 2.0 ఉన్న మోడల్ చూసుకుని కొంటే ఈ అడాప్టర్ గొడవా ఉండేది కాదు. యూట్యూబే ఎక్కువ చూసే ఇంటికి నేనైతే ఎన్100 చెప్తాను. డిస్క్‌లో ఉన్న ఫైళ్లే ఎక్కువైతే ఏడో తరం చాలు, ఆరో తరం మాత్రం ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

మిగిలిపోయింది రిమోట్. టీవీ రిమోట్‌తోనే కోడి కూడా నడవాలంటే హెచ్‌డీఎంఐలో సీఈసీ అనే సౌకర్యం కావాలి, మామూలు పీసీల గ్రాఫిక్స్ పోర్టుల్లో అది ఉండదు. కొన్ని యాక్టివ్ అడాప్టర్లు దాన్ని డిస్‌ప్లే పోర్ట్ మీదుగా పంపగలవు, లైనక్స్ కెర్నెల్‌లో దానికి ఏర్పాటు కూడా ఉంది, నేను కొన్నది ఆ రకం కాదు. దీనికోసమే విడిగా యూఎస్‌బీ సీఈసీ అడాప్టర్లు దొరుకుతాయి గానీ ఇంకా డబ్బు పెట్టాలంటే మా ఆవిడతో మాట్లాడాలి. ప్రస్తుతానికి వైర్‌లెస్ కీబోర్డ్‌లో స్పేస్‌బార్ మీద ఎర్ర స్టిక్కర్ అంటించి ఇచ్చాను, నొక్కితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే నడుస్తుంది. సౌండ్ మాత్రం టీవీ రిమోట్‌తోనే.